ఇష్టానికి సంజాయిషీ

ఈ నాలుగు నెలల్లో చదివినవీ చూసినవీ ఒక కాగితం మీద రాసుకుంటే రెండు జాబితాలు తయారయ్యాయి. మొదటిది ఎవరికైనా చూపించుకోదగ్గది. ముద్దుపళని 'రాధికా సాంత్వనం' మళ్ళీ చదివాను. ఓల్గా 'విముక్త' కథల దగ్గరికి ఇంకోసారి వెళ్ళాను. 'ది గ్రేట్ ఇండియన్ కిచెన్' (2021) అనే మలయాళ సినిమా రెండోసారి చూశాను. రెండో జాబితాలో యద్దనపూడి సులోచనారాణి నవలలు నాలుగున్నాయి. 'మిస్సమ్మ' (1955) ఉంది, అది ఎన్నోసారో లెక్కలేదు. రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోనులో చూసిన ప్రేమ సినిమాలూ కొరియన్ సీరియళ్ళూ ఉన్నాయి.

మొదటి జాబితా గురించి సెమినార్లలో మాట్లాడతాం. రెండోదాని గురించి స్నేహితురాళ్ళతో చెప్తాం, కాస్త నవ్వుతూ, "ఏదో టైంపాస్‌కి" అని ముందే ఒక మాట చేర్చి. నన్ను ఆలోచనలో పడేసింది ఆ చేర్చిన మాటే. ఎవరూ అడక్కుండానే ఇస్తున్న ఈ సంజాయిషీ ఎవరికి?

ఇది ఉత్తమ సాహిత్యమా కాలక్షేప సాహిత్యమా అన్న పాత తగాదా కాదు. నా ప్రశ్న నైతికమైంది. పితృస్వామ్య విలువల్ని మోస్తున్న రచన అని తెలిసీ, దాన్ని ఇష్టంగా చదవడం తప్పా? విమర్శలో తిరస్కరించినదాన్ని రాత్రిపూట ఆస్వాదించే స్త్రీవాది తన మాటకి తనే ద్రోహం చేస్తోందా?

తప్పే అనేవాళ్ళ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. మన కోరికలు మనలో వాటంతటవే పుట్టవు. కథలూ పాటలూ సినిమాలూ వాటిని తయారు చేస్తాయి. 'మిస్సమ్మ'నే చూడండి. మేరీ చదువుకున్న అమ్మాయి. ఉద్యోగం కోసం ఒక పరాయి మగవాడికి భార్యగా నటించడానికి ఒప్పుకునేంత అవసరమూ ధైర్యమూ ఉన్న మనిషి. ఆమె కోపం, ఆమె మొండితనం, ఇష్టంలేని బొట్టు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడు ఆమె పడే చిరాకు సావిత్రి మొహంలో చూడటమే ఒక ఆనందం. కానీ చివరికి కథ ఏం చేస్తుంది? ఆ క్రైస్తవ యువతి అసలు జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేల్చి, ఆమె పేరునీ మతాన్నీ పేదరికాన్నీ కోపాన్నీ ఒకేసారి సర్దేస్తుంది. పుట్టుకే అన్ని చిక్కుల్నీ విప్పుతుంది. చూసిన ప్రతిసారీ నేను నవ్వుతూ ఆ ముగింపు దాకా వెళ్తున్నాను. అంటే ప్రతిసారీ ఆ సర్దుబాటుకి ఒక ఓటు వేస్తున్నట్టేనా?

జవాబు వెతకడానికి ముందు, స్త్రీల చదువు మీద తీర్పులు చెప్పే ఈ అలవాటు మనకి ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం పెట్టిన పత్రిక పేరు 'సతీహితబోధిని'. సతులకి ఏది హితమో బోధించేది. ఆ పేరులోనే చదివే ఆమెకి ఉన్న చోటు తెలుస్తుంది. ఆమెకి చదువు చెప్పాలి, అదే సమయంలో ఆ చదువు పక్కదారులు పట్టకుండా కాపలా కాయాలి. ఆడపిల్లలకి బడి తలుపులు తెరిచిన సంస్కర్తే పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని కావ్యాన్ని అశ్లీలమని నిరసించాడు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పరిష్కరించి ప్రచురించి, మగకవుల శృంగారంలో కనపడని తప్పు ఒక స్త్రీ రాస్తే ఎలా వచ్చిందని నిలదీసింది. మరుసటి ఏడే ప్రభుత్వం ఆ పుస్తకం మీద చర్యలకి దిగింది. ఆ నిషేధం 1947లో, టంగుటూరి ప్రకాశం చొరవతోగానీ తొలగలేదు.

నాగరత్నమ్మ ఆ కావ్యం స్త్రీల అభ్యున్నతికి పనికొస్తుందని వాదించలేదు. అందులోని రసం తనకి ఆనందాన్నిచ్చిందని చెప్పింది. ఒక స్త్రీ ఒక పుస్తకాన్ని ఇష్టంగా చదివాను, మీరూ చదవండి అనడమే ఆనాటి పెద్దలకి మింగుడుపడలేదు. నా మొదటి జాబితాలో ఇంత గౌరవంగా కూర్చున్న పుస్తకం, ఒకప్పుడు ఎవరో ఒకామె దాచుకుని చదవాల్సిన రెండో జాబితా పుస్తకమే.

ఆ తర్వాత కాపలావాళ్ళు మారారు, కాపలా మారలేదు. అరవయ్యో దశకం నుంచి వారపత్రికల్లో, మాసపత్రికల్లో రచయిత్రుల సీరియళ్ళు వెల్లువెత్తినప్పుడు, ఆ నవలల మీద వచ్చిన ఎగతాళిలో సగం రచన మీద, సగం చదివే ఆడవాళ్ళ మీద. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని పత్రిక పట్టుకున్న గృహిణిని పగటికలలు కనే మనిషిగా చూశారు. అదే మగవాడు డిటెక్టివ్ నవల చదివితే అది మెదడుకి విశ్రాంతి. మనం స్త్రీవాదులం వచ్చి ఆ నవలల్లోని భావజాలాన్ని విప్పి చూపించాం. అది అవసరమైన పని. అయితే ఆ పని చేస్తూ చేస్తూ మనమూ ఒక్కోసారి హితబోధిని కుర్చీలో కూర్చున్నామేమో చూసుకోవాలి.

"వ్యక్తిగతం కూడా రాజకీయమే అని చెప్పిందే మనం కదా, మరి ఇష్టాలకి మినహాయింపు ఎలా?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ నినాదం పుట్టింది నాలుగు గోడల మధ్య నడిచే అధికారాన్ని బయటికి లాగడానికి. ఒక స్త్రీ దిండు కింద ఏ పుస్తకం ఉందో సోదా చెయ్యడానికి కాదు. ఇష్టం రాజకీయమైనదే, కాబట్టి దాన్ని అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోవడం వేరు, దానికి శిక్ష వెయ్యడం వేరు.

అమెరికన్ పరిశోధకురాలు జానిస్ రాడ్వే 1984లో 'రీడింగ్ ది రొమాన్స్' అనే పుస్తకం వేసింది. ఒక చిన్న పట్నంలో ప్రేమ నవలలు విపరీతంగా చదివే స్త్రీలతో మాట్లాడి రాసింది. ఆమెకి తేలిన సంగతుల్లో ముఖ్యమైనవి రెండు. ఒకటి, చదవడమనే పనే వాళ్ళకి ముఖ్యం. చేతిలో పుస్తకం ఉన్నంతసేపూ ఇంట్లోవాళ్ళ అవసరాలకి అడ్డంగా ఒక తెర ఉంటుంది. ఆ కాసేపు ఆమె ఎవరికీ అందదు. రెండు, రోజంతా అందరినీ కనిపెట్టుకుని ఉండే ఆమెకి, తనని కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకడు ఆ కథలో దొరుకుతాడు. అయితే రాడ్వే అక్కడితో ఆగలేదు. కథలో ఆ కొరత తీరిపోవడం వల్ల, జీవితంలో దాన్ని తీర్చమని అడిగే పట్టుదల సన్నగిల్లవచ్చని కూడా అంది. ఈ రెండు మాటల్నీ కలిపే పట్టుకోవాలి.

ఆ వెలుగులో 'సెక్రటరీ' మళ్ళీ చదివాను. మనం ఎగతాళి చేసే కారూ మేడా రాజశేఖరం దగ్గర ఉన్నమాట నిజమే. కానీ నవల పట్టు అక్కడ లేదు. జయంతి ఉద్యోగం చేసుకు బతికే మధ్యతరగతి అమ్మాయి. ఆమె అభిమానం దెబ్బతింటే అతను పట్టించుకుంటాడు. ఆమె ఏమనుకుంటోందో అతనికి కావాలి. ఇంట్లో తన మొహం వంక ఎవరూ చూడని ఆడవాళ్ళకి, తన మొహంలో మార్పుని గమనించే మగవాడు ఎంత పెద్ద ఊహో ఆ రచయిత్రికి తెలుసు. ఆ ఊహని వెక్కిరించడానికి ముందు, అది ఏ కొరతలోంచి పుట్టిందో ఒప్పుకోవాలి.

ఈ మాట నాకు ఇంకాస్త స్పష్టమైంది ఒక ఎం.ఏ. విద్యార్థినితో మాట్లాడినప్పుడు. 'అర్జున్ రెడ్డి' (2017) మీద క్లాసులో చర్చ జరిగింది. ముక్కూమొహం తెలియని అమ్మాయిని కథానాయకుడు తనదిగా ప్రకటించడం, అడక్కుండా ముద్దుపెట్టుకోవడం అన్నీ వచ్చాయి. క్లాసయ్యాక ఆ అమ్మాయి ఆగి, "మీరు చెప్పినవన్నీ నిజమే మేడమ్. అయినా నాకు ఆ సినిమా ఇష్టం" అంది. తప్పు చేసినట్టు తల దించుకుని చెప్పింది.

"నీ ఇష్టం నీది. అందులో నీకు ఎక్కడ నచ్చింది?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి, "ఆమెకి కాలు బాగాలేనప్పుడు దగ్గరుండి చూసుకుంటాడు కదా మేడమ్, అక్కడ" అంది. మళ్ళీ తనే, "మా ఇంట్లో అమ్మకి జ్వరం వస్తే మంచినీళ్ళు కూడా ఎవరూ ఇవ్వరు" అంది.

ఆ అమ్మాయికి నచ్చింది దౌర్జన్యం కాదు, ఆ సేవ. కానీ ఆ సినిమా రెండింటినీ ఒకే పొట్లంలో కట్టి ఇస్తుంది. ఇంత ప్రేమగా చూసుకునేవాడు కాబట్టి, అడక్కుండా ముట్టుకునే హక్కు కూడా వాడికుందని నమ్మిస్తుంది. నేను ఆమె ఇష్టాన్నే తప్పుపట్టి ఉంటే, ఆమె ఆ పొట్లాన్ని విప్పకుండానే దాచుకుని వెళ్ళిపోయేది. ఎక్కడ నచ్చిందో తనే వేలు పెట్టి చూపించింది కాబట్టి, అక్కడ ఏం ధర చెల్లించాల్సి వచ్చిందో మాట్లాడుకోగలిగాం. "ఆ సీనులో ఆమె ఏం మాట్లాడింది?" అన్నాను. ఆమెకి గుర్తు రాలేదు.

గీత గియ్యాల్సింది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. 'సెక్రటరీ'లో మనం చూసేది జయంతి కళ్ళతో. ఆమె సందేహం, ఆమె కోపం, ఆమె తిరస్కారం మనకి తెలుస్తూనే ఉంటాయి. కథ చివరికి ఆమెని పెళ్ళిదాకా తీసుకెళ్ళినా, దారి పొడుగునా ఆమె మనసుకి ఒక విలువ ఉంది. 'అర్జున్ రెడ్డి'లో మనం చూసేది అతని కళ్ళతో. ఆమె ప్రేమించబడేది మాత్రమే. కాబట్టి ఒక రచన నాకు ఆనందాన్నిచ్చినప్పుడు నేను వేసుకోవాల్సిన ప్రశ్న "ఇది నేను ఇష్టపడొచ్చా?" అని కాదు. "ఈ ఆనందం కోసం ఎవర్ని మాట్లాడకుండా చేశారు? అది నాకు కనపడిందా?" అని. మొదటి ప్రశ్న అనుమతి అడుగుతుంది. రెండోది చూపుని పదును పెడుతుంది. 'మిస్సమ్మ' ముగింపులో మాయమైపోయే మేరీని ప్రతిసారీ గుర్తుపట్టడం కూడా ఆ సినిమాని ప్రేమించడంలో భాగమే.

పైగా ఇప్పటి కాపలా నిషేధించే రకం కాదు. నా ఫోనుకి నా రెండో జాబితా నాకంటే బాగా తెలుసు. రాత్రి ఒక ప్రేమకథ చూస్తే తెల్లారేసరికి అలాంటివే పది ముందు పెడుతుంది. వద్దని ఎప్పుడూ అనదు, ఎందుకని ఎప్పుడూ అడగదు. హితబోధకుడు మన ఇష్టాన్ని అణచాలనుకున్నాడు. ఈ యంత్రం దాన్ని పెంచి అమ్ముకుంటుంది. మన ఇష్టాన్ని మనం అర్థం చేసుకోవాలన్న ఆసక్తి ఇద్దరికీ లేదు. ఆ పని ఎవరికి వాళ్ళం చేసుకోవాల్సిందే, ఒకరితో ఒకరం మాట్లాడుకుంటూ.

ఇష్టపడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, కానీ సిఫారసుకి జవాబు చెప్పుకోవాలి. నేను ఒంటరిగా చూసినదానికి నాకు నేనే బాధ్యురాలిని. పాఠ్యప్రణాళికలో పెట్టినప్పుడు, సమీక్ష రాసినప్పుడు, ఒక చిన్నపిల్లకి "ఇది చదువు" అని ఇచ్చినప్పుడు నా ఇష్టం ఇంకొకరి జీవితంలోకి వెళ్తోంది. అక్కడ సంజాయిషీ అడిగే హక్కు వాళ్ళకుంది.

మరి ఇష్టాల్ని నవ్వులో దాచేస్తే నష్టమేమిటి? 2016లో 'అ ఆ' సినిమా విడుదలైనప్పుడు, చూసినవాళ్ళలో చాలామందికి యద్దనపూడి 'మీనా' గుర్తొచ్చింది. ఆ నవలని విజయనిర్మల 1973లోనే సినిమాగా తీసింది. కొత్త సినిమాలో రచయిత్రి పేరు కనపడలేదన్న విమర్శ వచ్చాకే ఆ పేరు చేరింది. ఆ కథ ఎవరిదో గుర్తుపట్టింది విశ్వవిద్యాలయాల విమర్శకులకంటే ముందు, ఒకప్పుడు ఆ నవలని ఇష్టంగా చదివిన మామూలు ఆడవాళ్ళు. వాళ్ళ ఇష్టాన్ని మన సాహిత్య చరిత్ర ఎక్కడా నమోదు చెయ్యలేదు. చదివిన ఆనందానికి చోటు లేని చరిత్రలో, ఆ ఆనందాన్నిచ్చిన రచయిత్రి పేరు జారిపోవడం ఎంతసేపు? రచయిత్రుల్ని వెలికితీసే పని మనం ముప్ఫై నలభై ఏళ్ళుగా చేస్తున్నాం. చదివిన స్త్రీలని వెలికితీసే పని ఇంకా చాలా మిగిలి ఉంది. అది "ఏదో టైంపాస్‌కి" అన్న ముక్తాయింపు మానుకుని, నాకు ఫలానాచోట నచ్చింది, ఇందుకు నచ్చింది అని తల ఎత్తి చెప్పడంతో మొదలవుతుంది.