బాగా బ్రతుకుట, మంచివారై బ్రతుకుట

"వారు బాగా బ్రతికినవారు" అను మాట మన తెలుగు ఇండ్లలో తరచుగా వినబడును. పొలములు, పాడిపంటలు, పెద్ద లోగిలి, వచ్చిపోవు బంధుజనము గల కుటుంబమును గూర్చి ఆలాగు చెప్పుదురు. "మంచివాడై బ్రతికినాడు" అనునప్పుడు మన మనస్సు లోగిలివైపు పోదు. ఆ మనుష్యునివైపు పోవును. రెండింటికిని మధ్య దూరమున్నదని మన భాషకు తెలియును. అయితే మన ప్రార్థనలను, మన పిల్లల నిమిత్తము మనము కనెడి కలలను పరీక్షించి చూచినయెడల, మొదటిదానిని కోరుచు దానికి రెండవదాని పేరు పెట్టుచున్నామేమో అను అనుమానము కలుగును. మంచి జీవితమనగా నేమి?

క్రీస్తుపూర్వము 4వ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్తయైన అరిస్టాటిల్ ఈ ప్రశ్నతోనే తన నీతిశాస్త్రమును ఆరంభించెను. మానవుల పరమ లక్ష్యమునకు ఆయన వాడిన పదము 'యుడైమోనియా'. దానిని 'సుఖము' అని తెనిగించిన చాలదు. మనుష్యుడు సద్గుణములను జీవితకాలమంతయు ఆచరణలో పెట్టుచు వికసించుట అని దాని భావము. మంచితనము ఒకనాటి ఉద్రేకము కాదు, దీర్ఘమైన అభ్యాసము అని ఆయన బోధించెను. ఇది మనము నేర్చుకొనదగిన సత్యము. అయినను ఆయన మరియొక సంగతి చేర్చెను: సద్వంశము, సత్సంతానము, స్నేహితులు, కొంత ధనము లేనియెడల ఆ వికాసము కొరవడును. అట్లయినయెడల కరవులో చిక్కిన కూలివాని మాట ఏమి? మంచి జీవితపు వాకిలి అతనికి మూయబడినదా?

క్రొత్త నిబంధనలో మనము 'మంచి' అని తెనిగించు చోట్ల గ్రీకు మూలమున ముఖ్యముగా రెండు పదములు కనబడును: 'అగథోస్', 'కలోస్'. రెండవదానిలో సౌందర్యమను ఛాయ కూడ ఉన్నది. కొండమీది ప్రసంగములో మనుష్యులయెదుట ప్రకాశింపవలసిన క్రియలకు వాడబడినది ఈ రెండవ పదమే. ఆ సౌందర్యమంతయు తెలుగు మాటలో ఇమడదు. అయితే మన మాటకును తనదైన సంపద యున్నది. త్రాగదగిన నీటిని మనము 'మంచినీళ్ళు' అందుము. ఆ నీటి మంచితనము దాని తేటదనములో లేదు. సముద్రపు నీరును తేటగా ఉండవచ్చును. దప్పిగొన్నవాడు దానిని త్రాగి బ్రతుకగలడా అనునదే పరీక్ష. మనుష్యుని మంచితనమునకును ఇదియే పరీక్ష. నా జీవితము ఎంత నిర్మలముగా కనబడుచున్నది అనుట కాదు. నా పొరుగువాడు దానివలన బ్రతుకగలడా అనుటయే ప్రశ్న.

అయితే ఉపకారము కూడ ఉప్పునీరు కావచ్చును. ఇచ్చినవాడు పుచ్చుకొనినవానిని తనకు లోబరచుకొనుటకు ఇచ్చినయెడల, ఆకలి తీరును గాని మనుష్యుడు అమ్ముడుపోవును.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును గొప్ప కరవు పీడించెను. లక్షలాది జనులు నశించిరి. ఆ దినములలో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ పనిచేయుచుండెను. ఆయన పూర్వము సర్వే పని చేసినవాడు. ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ళ భాగమును ఆయన కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించెను. వారు చేయి చాచి అడుగుకొనలేదు; చెమటోడ్చి సంపాదించుకొనిరి. ఆ కాలమున బాప్తిస్మము కోరి అనేకులు వచ్చిరి. అయినను కరవు సహాయము సాగుచున్నంత కాలము, ఏడాదికి పైగా, ఆయన బాప్తిస్మములు నిలిపివేసెను. సహాయము ముగిసిన తరువాతనే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

మన సంఘచరిత్రలో ఆ సంఖ్యను గొప్పగా చెప్పుకొందుము. నాకు అంతకంటె గొప్పగా తోచునది ఆ ఏడాది నిరీక్షణ. వేలకొలది జనులను చేర్చుకొనుటకు అవకాశముండగా ఆయన చేయి వెనుకకు తీసికొనెను.

అట్లైనను వచ్చినవారి హృదయములలో అన్నమునుగూర్చిన జ్ఞాపకము లేదా అని ఒకరు అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్నయే. ఆకలిని, కృతజ్ఞతను, విశ్వాసమును వేరుచేసి తూచు త్రాసు ఏ మనుష్యుని యొద్దను లేదు. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని మధ్యనున్న ఎత్తుపల్లములు ఒక్క నిర్ణయముతో సమము కావు. అయితే ఎదుటివాని హృదయమును కడుగుట మన పని కాదు. మన చేతిని కడుగుకొనుట మన పని. అన్నమునకు వెల కట్టకుండుట, ఎదుటివాడు కాదని చెప్పుటకు చోటుంచుట, ఇవి మన వశములో నున్నవి.

ఈ పరీక్ష మన ఇండ్లకును వర్తించును. పనిమనిషి బిడ్డకు ఫీజు కట్టి, ఆమె జీతము పెంచుమని అడిగిన దినమున ఆ ఫీజును జ్ఞాపకము చేయు యజమాని ఏమి ఇచ్చెను? బిడ్డలను పెంచి, వారి పెండ్లినాడు ఆ ఖర్చు లెక్క తీయు తండ్రి ఏమి ఇచ్చెను? బీదలకు దుప్పటి పంచి, కెమెరా ఎదుట వారిని వరుసగా నిలువబెట్టు సంఘము ఏమి ఇచ్చెను? వీరందరు మేలే చేసిరి. కాని ఆ మేలును తిరిగి తమ సంచిలోనే వేసికొనిరి.

అరిస్టాటిల్ మూసిన వాకిలిని సువార్త ఇక్కడనే తెరచుచున్నది. దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలికి వంశము లేదు, ధనము లేదు. ఆమె కానుకను ప్రభువు అందరి కానుకకంటె ఎక్కువగా ఎంచెను. తనకున్న గంజిలో సగము పొరుగింటి బిడ్డకు పోసి, ఆ సంగతి మరచిపోవు కూలివానికి మంచి జీవితము దూరము కాదు. బాగా బ్రతికి, తాను చేసిన ప్రతి మేలును లెక్క వ్రాసికొనువానికి అది దూరమే. దేవుడు నీతిమంతులమీదను అనీతిమంతులమీదను సమానముగా వర్షము కురిపించువాడు. దానికి ముందుగా మన యొద్ద పత్రము వ్రాయించుకొనలేదు. ఆలాగు ఉచితముగా పొందినవారము మనము.

గనుక, చదువరీ, ఈ సంవత్సరము మనము ఎన్ని మేళ్ళు చేసితిమి అని లెక్కించుటకు ముందు మరియొక ప్రశ్న వేసికొందము. మన మేలు పొందినవాడు నేడు మన యెదుట తల యెత్తి నిలిచి, అవసరమైనయెడల మనకు కాదని చెప్పగలడా? చెప్పగలిగినయెడల మనమిచ్చినది మంచినీరే.