మారింది వెలుగా, గురా?



ధమ్మ మిత్రులారా, మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అది హాలులో జరిగే పోటీ. అక్కడ దీపాల వెలుగు ఒకేలా ఉంటుంది. 50 మీటర్ల రైఫిల్ పోటీ అలా కాదు. టార్గెట్ ఆరుబయట ఉంటుంది. దాని నడిమి పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లే!

ఎండ కాస్తే నల్లచుక్క చిన్నదిగా, మబ్బు పడితే మసకగా అనిపిస్తుంది. చుక్క కదల్లేదు, కంటికి కనబడే తీరు మారింది. గుండు మాత్రం పక్కకు పోతుంది. అప్పుడు షూటర్లు కంటి దగ్గరి రంధ్రాన్ని పెంచో తగ్గించో చూస్తారు, ఫిల్టర్ మారుస్తారు, అవసరమైతే సైటు మరను ఒక్క క్లిక్కు తిప్పుతారు. అయితే ఒక్క గుండు తప్పిందని వెంటనే మర తిప్పరు. తప్పు వెలుగుదా, తమ చేతిదా అని ముందు తేల్చుకుంటారు. చేతిదైతే తమనే సరిచేసుకుంటారు.

ధమ్మంలో దీనికి దగ్గరి మాట సతి, అంటే ఎరుక.

గుడ్లవల్లేరు చేలగట్టున నీళ్ల వంతు దగ్గర మాటామాటా పెరిగిందనుకోండి. నిన్న అన్నా అని పిలిచిన మనిషే ఇవాళ శత్రువులా కనిపిస్తాడు. మారింది ఆయనా, మన మనసుకు పట్టిన కోపపు మబ్బా? నోరు తెరిచేముందు ఒక్క శ్వాస గమనించండి. తప్పు నిజంగా ఆయనదే అయితే, మబ్బు తొలిగాక చెప్పొచ్చు. కోపం అనిత్యం. జారిన మాట మాత్రం, పేలిన గుండులాగే, వెనక్కి రాదు.

భవతు సబ్బ మంగళం!