చేయని పనికి ఫలము

బ్రేకు త్రొక్కినపుడెల్ల బండి ఎడమకు లాగుచుండెను. ఆ లాగుట చేతికి తెలియుచుండుటచే "స్టీరింగు పోయింది సార్" అని డ్రైవరు నిశ్చయించెను. ధర్మవరమున పట్టుచీరల మూటలు ఎత్తుకొని, పెనుకొండలో బాబయ్యస్వామి దర్గాకు నమస్కరించి, హిందూపురమునకు వచ్చుచున్న ఆ పాత పికప్పులో అతని ప్రక్కన కూర్చున్న నేనును అట్లే నమ్మితిని.

నిత్యకర్మలను చేయకున్నచో ప్రత్యవాయమను దోషము కలుగునని కర్మవాదుల పక్షము. శంకరభగవత్పాదులు దీని నంగీకరింపరు: చేయకుండుట అభావము, అభావమునుండి భావము పుట్టనేరదు. ఈ వాదము చదివినపుడెల్ల నా బుద్ధి ఒప్పుకొనెడిది, మనస్సు ఒప్పుకొనెడిది కాదు. ఏమియు చేయకుండుటచేతనే ఎన్ని యిండ్లు కూలినవి!

మరునాడు హిందూపురపు షెడ్డులో మేస్త్రీ వెంటనే స్పానరు ముట్టలేదు. "బ్రేకు తొక్కితేనే లాగుతుందా, ఊరికే పోయేటప్పుడు కూడానా?" అని యడిగెను. తొక్కినపుడే యని విని, టైర్ల గాలి చూచి, డ్రైవరును స్టీరింగు అటునిటు కొద్దిగా ఆడింపుమని, తాను క్రింద పరుండి టైరాడ్ కీళ్లపై అరచేయి ఆనించెను. కీలు వదులైనచో ఆ లొటలొట చేతికే తెలియునట. అవి బిగువుగా నున్నవి. ఏది యున్నపుడు ఏది యుండునో, ఏది లేనపుడు ఏది లేకుండునో అరసి కారణమును పట్టుటను మన శాస్త్రకారులు అన్వయవ్యతిరేకము లనిరి. ఆ పేరుతో పిలువకున్నను అచట జరిగిన దదియే.

పిదప ముందుచక్రములు రెండును విప్పిరి. ఎడమవైపు బ్రేకుప్యాడ్లు ఇనుము తగులునంతగా అరిగియున్నవి. "ఇదే పాడైంది, మార్చేద్దాం" అని డ్రైవరు చేయి చాచెను. మేస్త్రీ కుడివైపు ప్యాడొకటి తీసి అతని చేతిలో పెట్టెను. అది వ్రేలిమందమున, క్రొత్తదానివలె నుండెను. "అరిగింది పని చేసిందప్పా. అరగనిదాన్ని చూడు."

కుడి కాలిపరులో పిస్టను తుప్పుపట్టి బిగిసిపోయినది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను ద్రవ్యము. ఏండ్ల తరబడి దానిని మార్చకున్నచో లోన చేరిన తేమ ఇనుమును తినును. కుడిచక్రము ఆగదు, ఎడమచక్రమొక్కటే భారమంతయు పట్టి ఆపును, బండి ఎడమకు తిరుగును.

బండిని త్రిప్పినది ఎడమచక్రపు ఘర్షణమే. కుడిచక్రపు చేయమి దేనిని లాగలేదు. అంతవరకు ఆచార్యుల యుక్తికి తిరుగులేదు. తుప్పును పుట్టించినదియు తేమయే గాని మార్చకుండుట కాదు. అయినను కారణమున్న చోటనే దోషమును ఉండవలెనన్న నియమము లేదని ఆ ప్యాడును చేతబట్టినపుడు నాకు తోచినది. నలుగురు అన్నదమ్ములలో తల్లిదండ్రుల భారమును ఒక్కడే మోయుచున్నచో, ఇల్లు వానివైపు ఒరిగినదని తక్కినవారు వానినే నిందించుట మన మెరుగమా? అరిగిపోయినవాడు కంటికి కనబడును. కదలనివాడు నిగనిగలాడుచు నిర్దోషివలె నిలుచును. కారణమును వెదకుచు పోవు తర్కము మొదటివానియొద్దనే ఆగిపోవును. ధర్మవిచారమైనచో మరియొక అడుగు వేసి, ఎవడు పట్టవలసి పట్టలేదని యడుగవలెను.

"గ్రహచారం సార్" అని డ్రైవరు నిట్టూర్చెను. దర్గా ముందర అతనితోపాటు నేనును నమస్కరించితిని, ఇకముందును నమస్కరింతును; కాని ఒక సీసా ఆయిలు కొనని లోపమును గ్రహములపై మోపుట ఆ నమస్కారమునకే అపచారమని నా దృఢవిశ్వాసము. అతనితో ఆ మాట నచటనే చెప్పితిని. అతడు తలవంచుకొని వినెను.

రెండువైపుల ప్యాడ్లును మార్చి, కాలిపరు విప్పి శుభ్రపరచి సీళ్లు వేసి, పాత ఆయిలంతయు వదలి క్రొత్తది పోసి, పైపులలోని గాలి తీసిరి. ప్రక్కనున్న ఖాళీస్థలమున మేస్త్రీ తానే బండి నడపి, స్టీరింగుపై వ్రేళ్లు మాత్రము ఆనించి, గట్టిగా బ్రేకు త్రొక్కెను. దిగివచ్చి, దుమ్ములో పడిన రెండు చారలను చూచి, వాని పొడవులను తన అడుగులతో కొలిచెను.