లోహితుణ్ణి ఎవరడిగారు?

మా బళ్లారిలో ఇప్పుడు పద్యనాటకం ఆడించాలంటే మూడు దొరకడం కష్టం. తెల్లవార్లూ కూచునే జనం, శ్రుతి తెలిసిన హార్మోనిస్టు, పద్యాన్ని తెలుగు అక్షరాల్లో చదవగల కుర్రవాళ్లు. అయినా పోయినేడు మా పేటలో కొందరు ‘సత్యహరిశ్చంద్ర’ మళ్లీ ఆడించాలని పట్టుబట్టారు. ఆ నాటకం మా పేటలో చివరిసారి ఆడి ముప్పై ఏళ్లు దాటింది. తెలుగు పంతులుగా రిటైరైన వాణ్ణి గనుక, ఎనిమిది గంటల నాటకాన్ని మూడు గంటలకు కుదించే పని నా నెత్తిన పెట్టారు.

ఒప్పుకున్నాక తెలిసింది, ఎంత పిచ్చిపని నెత్తికెత్తుకున్నానో. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి? హార్మోనిస్టు పెద్దాయన మొదటి రోజే హెచ్చరించాడు. “కాటిసీను జోలికి మాత్రం పోవద్దు మేష్టారూ, కడమదంతా మీ ఇష్టం.” ఆయన మాట నిజమే. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు 1912లో రాసిన ఈ నాటకానికి జనం వచ్చేదే కాటిసీను కోసం. ఒకే రాత్రి మొదటి హరిశ్చంద్రుడు, రెండో హరిశ్చంద్రుడు అని ఇద్దరేసి నటుల్ని పెట్టి, కాటిసీనుకు పేరున్న గొంతును దాచి ఉంచేవారు. డి.వి. సుబ్బారావు గారి కాటిసీను క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్న ఇళ్లు మా వీధిలోనే నాలుగైదున్నాయి. ఆ సీనులో జనం కళ్లు తుడుచుకునే పద్యాల్లో కొన్ని బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. నటులే తెచ్చి కలుపుకున్నారు. అంటరానివాడని అవమానాలు పడ్డ కవి శ్మశానం మీద రాసిన పద్యాలు, వీరబాహుడికి బంటైన చక్రవర్తి నోట పలుకుతున్నాయి. ఎవరూ పథకం వేసి చేసిన పని కాదది. అవి ఎక్కడ ఉండాలో అక్కడికే చేరాయి.

ఈ కథ మీద మా ప్రాంతానికి హక్కు కూడా కొంచెం ఉంది. హంపిలో ఉన్న రాఘవాంకుడు పదమూడో శతాబ్దంలోనే దీన్ని కన్నడంలో కావ్యం చేశాడు. మన గౌరన ద్విపద ఆ తర్వాతిది. 1965లో కె.వి. రెడ్డి గారు రెండు భాషల్లోనూ సినిమా తీయిస్తే, రాజ్‌కుమార్ వేసిన కన్నడ హరిశ్చంద్రుడికి జనం పట్టం కట్టారు. రామారావు గారు వేసిన తెలుగు హరిశ్చంద్రుడు ఆడలేదు. ఈ సంగతి ఎత్తి మా కన్నడ మిత్రులు ఇప్పటికీ నన్ను ఆటపట్టిస్తుంటారు.

సరే, రిహార్సళ్లు మొదలయ్యాయి. చంద్రమతి వేషానికి డిగ్రీ చదివే అమ్మాయి దొరికింది. ఇంట్లో తెలుగే గాని చదువంతా కన్నడం. పద్యాలన్నీ కన్నడ లిపిలో రాసుకుని ఒప్పజెప్పేది. అరసున్న పోయినా అర్థం పోనిచ్చేది కాదు. కాశీలో అమ్మకం సీను చేయిస్తుండగా ఆగి అడిగింది.

“సార్, అమ్మేముందు ఆయన ఆమెను అడిగాడా?”

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. “అడగలేదమ్మా, ఆమే అమ్మమంది. మార్కండేయ పురాణంలోనూ అంతే. నన్నమ్మి ఋషి అప్పు తీర్చమని ఆమె అంటే, ఆ మాట వినలేక రాజు మూర్ఛపోయాడు” అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. “మరి ఆ పిల్లోణ్ణి ఎవరడిగారు సార్?”

నాకు మాట రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే మా ఇంటి సంగతి చెప్పక తప్పదు.

మా నాయన తన స్నేహితుడొకాయన అప్పుకు మండీలో జామీను నిలిచాడు. కాగితం లేదు, నోటిమాట. ఆ స్నేహితుడు ఊరు విడిచిపోయాడు. నాకు సాక్ష్యం లేదు, నేనివ్వను అని మా నాయన అనివుంటే అడిగేవాడు లేడు. అనలేదు. మూడెకరాల నల్లరేగడి అమ్మి కట్టాడు. చాలకపోతే అమ్మ తన గాజులు తానే తీసి ఇచ్చింది. ఊరంతా ‘హరిశ్చంద్రుడయ్యా’ అంది. నాకప్పుడు పదిహేనేళ్లు. పదో తరగతితో బడి మానిపించి జిన్నింగు మిల్లులో పత్తి తూకం దగ్గర నిలబెట్టారు. అమ్మ తానే ఇచ్చింది, నిజమే. నన్నెవరూ అడగలేదు. అడిగివుంటే సరేననే అనేవాణ్ణి. అయినా ఆ అడగకపోవడం ఈ వయసులోనూ గొంతులో ముల్లులా ఉంది.

అయితే ఇందులో ఇంకో సంగతుంది. అది చెప్పకపోతే మా నాయనకు అన్యాయం చేసినవాణ్ణవుతాను. మూడేళ్ల తర్వాత నేను మళ్లీ చదువుకుంటానని ఆ మండీ షావుకారు దగ్గరికే పోతే, కాగితం లేకుండా ఫీజు డబ్బు చేతిలో పెట్టి, “నువ్వు ఆయన కొడుకువి గదప్పా” అన్నాడు. నా చదువును పోగొట్టిన మాటే నా చదువును తిరిగి తెచ్చింది. అందుకే ‘హరిశ్చంద్రుడు మూర్ఖుడు, భార్యాబిడ్డల్ని అమ్ముకున్నవాడు’ అని తేల్చేసే ఈనాటి వాదం నాకు రుచించదు. ఏం జరిగినా మాట తప్పనివాడు ఒకడైనా లేకపోతే ఊళ్లో ఎవరూ ఎవరికీ అరువివ్వరు. అటువంటివాడు ఊరికి పెట్టుబడి. చిక్కల్లా, ఆ పెట్టుబడిని ఎవరి చెంబు అమ్మి పెడుతున్నాడన్నదే.

గాంధీగారు చిన్నప్పుడు హరిశ్చంద్ర నాటకం చూసి, దాన్ని తనలో తాను లెక్కలేనన్నిసార్లు ఆడుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. అందరూ హరిశ్చంద్రుడిలా ఎందుకు ఉండకూడదని ఆయన పట్టుదల. ఆయన పెద్దకొడుకు హరిలాల్ ఇంగ్లండుకు పోయి చదువుకోవాలని ఆశపడ్డాడు. అవకాశం వచ్చినప్పుడు తండ్రి దాన్ని కొడుక్కి కాకుండా వేరొకరికి ఇప్పించాడు. తన బిడ్డకని పక్షపాతం చూపకూడదని ఆయన నియమం. 1911లో హరిలాల్ ఇల్లు విడిచిపోయాడు. ఆ తర్వాత అతని బతుకు ఎలా చెదిరిపోయిందో అందరికీ తెలుసు. గాంధీగారి నియమం తప్పని నేననను. దేశానికి అటువంటి మనిషే కావలసివచ్చాడు. కాని లెక్క రాసేటప్పుడు హరిలాల్ పద్దు కూడా రాయాలి గదా.

ఆ అమ్మాయి ప్రశ్న నన్ను అక్కడితో వదల్లేదు. లోహితుణ్ణి సరే, అయోధ్య ప్రజల్ని ఎవరడిగారు? రాజు రాజ్యమిచ్చాడంటే మట్టి ఒక్కటే ఇచ్చినట్టా? దాని మీద ఉన్న జనాన్ని కూడా పశువులతో పాటు ధారపోసినట్టే గదా. మా తాతల తరానికి ఈ బాధ కొంత తెలుసు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్లారి మైసూరుకు వచ్చింది. మనకు కనీసం విచారణకని మిశ్రా అనే జడ్జిగారు వచ్చిపోయారు. అయోధ్యకు అదీ లేదు.

ఈ తిక్కతోనే మార్కండేయ పురాణం మళ్లీ తీశాను. మనం స్టేజీ మీద ఎన్నడూ చూపించనివి రెండు ఘట్టాలు అందులో కనబడ్డాయి. రాజు ఊరు విడిచి పోతుంటే పౌరులు అడ్డంపడి ఏడుస్తారు. మమ్మల్ని వదిలి ఎక్కడికి పోతావంటారు. వాళ్ల దుఃఖం చూసి రాజు దారిలో ఆగిపోతాడు. ఆ మాత్రం ఆగినందుకే విశ్వామిత్రుడు మండిపడి కర్రతో రాణిని కొడతాడు. రెండోది చివర్లో. ఇంద్రుడు వచ్చి స్వర్గానికి రమ్మంటే హరిశ్చంద్రుడు రానంటాడు. అయోధ్య ప్రజలు నాకోసం దుఃఖంలో ఉన్నారు, వాళ్లను విడిచి రాలేను, నా పుణ్యమేదైనా ఉంటే అది వాళ్లకూ సమానంగా పంచు, వాళ్లతో కలిసి ఒక్కరోజు స్వర్గం దక్కినా చాలునంటాడు. వాళ్లందరితోనే పోతాడు.

అంటే పురాణం రాసినవాడికి ఈ ప్రశ్న తట్టింది. రాజు మాట నిలబెట్టుకున్న ఖరీదులో జనం వాటా ఉంది గనుక, ఫలంలోనూ వాటా ఇప్పించాడు. ముందు అడగకపోయినా తర్వాతైనా వాళ్లను లెక్కలోకి తెచ్చాడు. ఇదంతా సమాధానమవుతుందా అంటే, నా మటుకు నాకు సగమే అవుతుంది. మా నాయన పోయేముందు నన్ను పిలిచి, “ఆ పొద్దు నిన్నొక మాట అడగాల్సిందిరా” అని వుంటే ఎంత తేలికపడేవాణ్ణో, అంత మేరకు సమాధానమవుతుంది. ఆయన అనలేదు.

చివరి సీనులో ఆ ముక్క చేరుస్తానన్నాను. హార్మోనిస్టు ఒప్పుకోలేదు. “కాటిసీను తర్వాత ఎవడుంటాడు మేష్టారూ, దులుపుకుని లేస్తారు” అన్నాడు. నాలుగు వాక్యాలే, పద్యం కూడా కాదు, వచనం అని బతిమాలాను. పద్యాన్ని సాగదీయడం కన్నా భావం పలకడం ముఖ్యమన్న మన బళ్లారి రాఘవ గారిని కూడా సాక్ష్యానికి పిలిచాను. అర్ధమనసుతో ఒప్పుకున్నాడు.

నాటకం బాగానే ఆడింది. జాషువా పద్యాలకు రెండుసార్లు వన్స్‌మోర్ కొట్టారు. హార్మోనిస్టు చెప్పినట్టే, కత్తి ఎత్తిన హరిశ్చంద్రుడి ముందు దేవతలు ప్రత్యక్షమయ్యేసరికి సగం జనం చాపలు చుట్టుకుంటున్నారు. మా హరిశ్చంద్రుడు, ఒక బట్టల కొట్టు గుమాస్తా, ఆ నాలుగు వాక్యాలూ శ్రద్ధగా పలికాడు. ముందు వరసలో నలుగురు ముసలివాళ్లు తలెత్తి చూశారు. అంతలో ఇంకో చిక్కొచ్చిపడింది. లోహితుడి వేషం వేసిన ఏడేళ్ల పిల్లవాడు శవంగా పడుకుని పడుకుని నిజంగానే నిద్రపోయాడు. దేవతలు పూలు చల్లినా లేవడే. చంద్రమతి వంగి భుజం తట్టి, చివరికి చిన్నగా గిల్లింది. వాడు లేచి కూచుని, కళ్లు నులుముకుంటూ, ‘ముగీతా?’ అన్నాడు కన్నడంలో. అయిపోయిందా అని. పక్కనే మైకు ఉంది. చాపలు చుట్టుకునే వాళ్లక్కూడా వినబడింది.