మేనాదేవి మాట: అమ్మ ఎక్కడిదాకా చెప్పాలి?

 

ఈ వారం వీడియోలో పార్వతీ కల్యాణం చెప్పుకున్నాం. టైం సరిపోక అందులో ఒకరి గురించి సరిగా చెప్పలేకపోయాను. ఆవిడే పార్వతమ్మ తల్లి, మేనాదేవి. మన కథల్లో, సీరియళ్లలో కూతురి కాపురంలో తల దూర్చే తల్లి అంటే విలనే. పురాణం మాత్రం అంత తేలిగ్గా తీర్పు చెప్పదు.

కూతురు తపస్సుకు పోతానంటే తల్లి "ఉ మా", అంటే "వద్దమ్మా" అన్నదట. అట్లా ఉమ అనే పేరు వచ్చిందని కాళిదాసు కుమారసంభవంలో చెప్తాడు. మనం రోజూ పలికే అమ్మవారి నామంలోనే ఒక తల్లి భయం ఉందన్నమాట! అదే కావ్యంలో సప్తర్షులు సంబంధం అడగడానికి వస్తే, హిమవంతుడంతటివాడు కూడా ముందు భార్య ముఖం వైపు చూస్తాడు. ఆడపిల్ల విషయంలో ఇంటాయనకు ఇల్లాలే కళ్లు అని కవి భావం.

శివపురాణంలో ఇంకా ఘాటుగా ఉంటుంది. భూతగణాలతో, పాములతో, ఒంటినిండా బూడిదతో వస్తున్న అల్లుణ్ని చూసి మేనాదేవి స్పృహ తప్పి పడిపోయింది. లేచాక నారదుణ్ని తిట్టింది. కూతుర్ని కొట్టింది. పిల్లను ఇచ్చేది లేదని మొండికేసింది. "నేను వరించింది ఆయన్నే, ఇంకొకరిని చేసుకోను" అని పార్వతి కూడా గట్టిగానే చెప్పింది. చివరికి విష్ణువు నచ్చజెప్పాక, "అందమైన రూపంతో వస్తే ఇస్తాను" అన్నది తల్లి.

శివుడు ఆమెను శపించలేదు, అలిగి వెనక్కి పోలేదు. ఆమె భయం పోయే రూపంలో ఎదురుగా నిలబడ్డాడు. అంటే పెళ్లికి ముందు తల్లికి అడిగే హక్కు ఉంది. పరమేశ్వరుడే ఓర్చుకున్నాడు, మన పెళ్లికొడుకులు ఓర్చుకోలేరా?

పెళ్లి పందిట్లో తల్లి పని ఏంటో రామాయణం చెప్తుంది. అయోధ్యకాండలో అనసూయమ్మ ధర్మం బోధిస్తుంటే సీతమ్మ అంటుంది: పాణిగ్రహణం వేళ అగ్ని ముందు మా అమ్మ చెప్పిన మాట ఇంకా నా మనసులో ఉందని. ఒక్కసారి చెప్పిన మాట అది, అడవిదాకా తోడొచ్చింది.

మరి పెళ్లయ్యాక? ఈ కథ చాలామందికి తెలియదు. హరివంశంలో ఉంది. పెళ్లయ్యాక శివుడు కొన్నాళ్లు అత్తగారింట్లోనే ఉన్నాడు. ఒకరోజు మేనాదేవి కూతురితో, నీ మొగుడికి పద్ధతీ లేదు, ఎప్పుడూ దరిద్రమే అన్నట్టు మాట్లాడింది. పార్వతి తల్లితో కొట్లాడలేదు. నేరుగా భర్త దగ్గరికి పోయి "ఇక్కడ ఉండను, నన్ను మన ఇంటికి తీసుకుపో" అన్నది. అప్పుడు శివుడు ఉండటానికి ఎంచుకున్న చోటే కాశీ.

ఈ కథ నాకెందుకు పట్టుకుందంటే, మా ఇంట్లోనే జరిగింది కాబట్టి. మాది చిట్యాల. మా బావ ఉద్యోగం మానేసి చిన్న షాపు పెట్టుకున్నాడు. అమ్మ రోజూ సాయంత్రం అక్కకు ఫోన్ చేసేది. "ఏం వండినవ్ బిడ్డా? ఆ షాపుతోని ఏం బతుకుతరు?" ప్రేమతోనే అడిగేది. కానీ ఆ మాటలే రాత్రికి అక్క నోట్లోంచి బావకు చేరేవి. ఒకరోజు అక్క పిల్లాణ్ని తీసుకుని వచ్చేసింది. మూడు నెలలు మా దగ్గరే ఉంది. బావదే తప్పని నేను కూడా అమ్మకు వంత పాడిన, దాచడం ఎందుకు.

శివరాత్రికి కాళేశ్వరం పోయినం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న ఆ గుడి బయట కూర్చుని అమ్మకు ఈ కథ చెప్పాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "అంటే ఆ తల్లి మాటకే బిడ్డ ఇల్లు ఇడిసిపోయిందా?" తెల్లారి అమ్మే బావకు ఫోన్ చేసింది. ఇప్పుడు అక్క వాళ్లింట్లో ఉంది. సాయంత్రం ఫోన్ అక్కే చేస్తుంది.

మా ఆఫీసులో ప్రాజెక్టు వేరే టీమ్‌కు అప్పజెప్పాక, అడిగితే సాయం చేస్తాం, రోజూ వాళ్ల కోడ్‌లో వేలు పెట్టం. అప్పగింతలు అంటే కూడా అదే కదా.

ఒక్క మాట మాత్రం మర్చిపోవద్దు. అల్లుడు కొడుతున్నా, కట్నం కోసం వేధిస్తున్నా "సర్దుకుపో" అనడం ధర్మం కాదు. అప్పుడు తల్లి తలుపు తీయాలి. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. కానీ కూతురి కష్టం వేరు, అల్లుడి మీద మన అసంతృప్తి వేరు. ఫోన్ చేతిలోకి తీసుకునే ముందు ఈ రెండింట్లో ఏదో ఒక్కసారి ఆలోచించండి.

ఈ సోమవారం దీపం పెట్టినప్పుడు, మన ఆడపిల్లలందరి కాపురాలు చల్లగా ఉండాలని ఉమామహేశ్వరులకు దండం పెట్టుకుందాం.

శుభం. ఓం నమః శివాయ.