గాజు గవాక్షముల జీర్ణోద్ధారణము

మెదకు కెథీడ్రల్‌లో మూడు రంగుటద్దముల గవాక్షములు గలవు. ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. క్రీస్తు ఆరోహణమును చూపు గవాక్షము 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువ మరణమును చూపునది 1958లోను అమరినవి. ఇది కతోలికుల గుడి కాదు, దక్షిణ ఇండియా సంఘమునకు చెందినది. అయినను గాజునకు శాఖాభేదము లేదు. రాత్రివేళ లోపలినుండి చూచువానికి ఆ బొమ్మలు నల్లని పలకలే. సూర్యుడు వచ్చినగాని క్రీస్తు కనబడడు.

ఆ గాజులలో ఒకటి రేపు పగిలినచో ఏమి చేయవలెను?

ఈ విద్యలో రంగు చాలవరకు గాజు కరగునపుడే లోహభస్మములను కలుపుటచేత వచ్చును. ముఖములను, వస్త్రముల మడతలను మాత్రము నల్లని వర్ణముతో వ్రాసి, కొలిమిలో కాల్చి గాజునకు అంటునట్లు చేయుదురు. పిమ్మట ముక్కలను సీసపు బద్దలతో కూర్తురు. సీసము కాలక్రమమున అలసి వంగును. దానిని మార్చుట వస్త్రపు కుట్టు విప్పి మరల కుట్టుట వంటిది. దానికెవ్వరును దుఃఖింపరు. చిక్కంతయు ముఖము చెరిగినపుడే. చెరిగిన కన్నును నేటి చిత్రకారుడు దిద్దినచో ఆ చూపు ఎవరిది?

మన ఆగమ సంప్రదాయము ఇట్టి ప్రశ్నకు ఒక సమాధానము చెప్పినది. భిన్నమైన విగ్రహము పూజార్హము కాదు. దానిని జలమున విడిచి క్రొత్తదానిని ప్రతిష్ఠింపవచ్చును. ఆ నిర్మోహము నాకు గొప్పదిగా తోచును. కాని అది భిన్నమైనదానికే చెల్లును. చెక్కుచెదరని విగ్రహమును, శిల్పము నచ్చలేదని, నూతిలో పడవేయుట ఆచారము కాదు.

పారిస్ నగరపు నోత్రదామ్ కథ ఇచ్చటనే మనస్సును నొప్పించును. 2019 ఏప్రిల్ 15న దాని కప్పు కాలిపోయెను. దక్షిణపు ప్రక్కనున్న చిన్న ప్రార్థనా మందిరములలో వియొలే-ల్-దుక్ 19వ శతాబ్దమున అమర్పించిన గవాక్షములను మంటలు ముట్టలేదు. అయినను ఆరు మందిరములలో వానిని తొలగించి క్రొత్తవానిని నిలుపదలచిరి. జాతీయ వారసత్వ సంఘము ఏకగ్రీవముగా వలదన్న పిదపకూడ, 2024 డిసెంబరులో క్లేర్ తబురే అను చిత్రకారిణిని ఆ పనికి ఎన్నుకొనిరి.

క్రొత్తదనము కోరువారి వాదమును త్రోసిపుచ్చరాదు. 18వ శతాబ్దమున ఆ దేవాలయపు గురువులే, వెలుతురు చాలదని, మధ్యయుగపు రంగుటద్దములను పెక్కింటిని తీయించి తెల్లగాజు పెట్టించిరి. వియొలే-ల్-దుక్ చేసినదియు ఒక నవీకరణమే. ఒక కాలమునకు గల స్వాతంత్ర్యము మరియొక కాలమునకు ఏల ఉండరాదు? నేనును చాలకాలము ఇట్లే తలచితిని. కాని పూర్వులు చేసిన దోషము మనకు అధికారపత్రము కాదు. నాడు పోయిన ఎరుపును, నీలమును నేడెవ్వరు తిరిగి చూడగలరు?

కొలోను కెథీడ్రల్‌లో జరిగినది వేరు. యుద్ధమున నశించిన గవాక్షము చోట 2007లో గెర్హార్డ్ రిఖ్టర్ 72 రంగుల గాజు చతురస్రములను 11,263 కూర్చెను. ఆ నగరపు కార్డినలు దానిని మెచ్చలేదు, అది వేరు సంగతి. అచ్చట తొలగినది సాదా గాజే గాని మరియొకని చిత్రము కాదు.

మెదకు గవాక్షమున ముఖము పగిలినచో ఆ ముక్కలనే ఏరి అతికింపుమందును. అతుకు కనబడిన కనబడనిండు. ముక్కయే దొరకనిచో దాని వన్నెకు తగిన గాజును పెట్టి, కన్నుగాని నోరుగాని వ్రాయక విడువవలెను. పనియెరిగిన మరమ్మతుదారులు క్రొత్తముక్క అంచున దానిని పెట్టిన సంవత్సరమును సన్నని గీతలతో చెక్కుదురు. నిచ్చెన వేసికొని దగ్గరకు పోయి చూచువానికే ఆ అంకెలు కనబడును.