బాడిగలో ధర్మమెంత?

హైదరాబాదులో క్యాబ్ రేట్లు పెంచాలా వద్దా అని వాదన మొదలైతే అది పెట్రోలు ధర దగ్గర పుట్టి, యాప్ కమీషన్ దగ్గర ఆగిపోతుంది. సి.బెళగల్ నుంచి చూస్తే అదే ప్రశ్నకు ఇంకో ముఖం కనిపిస్తుంది. తుంగభద్ర ఒడ్డునున్న ఈ మండలంలో ఆటో ఎక్కేది కూలికి పోయే ఆడవాళ్లు, కర్నూలు పెద్దాసుపత్రికి బయల్దేరిన రోగులు, పని మీద ఎమ్మిగనూరుకో ఆదోనికో పోయే రైతులు. నడిపేవాళ్లూ ఆ పల్లెలవాళ్లే. బాడిగ పది రూపాయలు పెరిగితే ఆ పది ఒక పేదింట్లోంచి ఇంకో పేదింట్లోకి పోతుంది. పెరగకపోతే నష్టం రెండో ఇంటిది. అందుకే ఇక్కడ లెక్క కంటే ముందు ధర్మం ఎదురవుతుంది. లేనివాడి ప్రయాణ భారాన్ని ఎవరు మోయాలి?

ఈ ప్రశ్న మన ధర్మశాస్త్రాలకు రేవు దగ్గర ఎదురైంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో పడవ బాడిగల పట్టికే ఉంది. బండికి ఒక పణం, బరువు మోసే మనిషికి అర పణం, పశువుకూ స్త్రీకీ పావు, వట్టి చేతులతో దాటే మనిషికి అందులో సగం. దూర ప్రయాణమైతే ప్రదేశాన్నీ కాలాన్నీ బట్టి బాడిగ. గర్భిణులు, సన్యాసులు, వేదం చదివే బ్రాహ్మణులు ఊరికే దాటవచ్చు. కౌటిల్యుడి అర్థశాస్త్రం రేవులను నావాధ్యక్షుడనే అధికారికి అప్పగించింది. అక్కడ పసివాళ్లు, ముసలివాళ్లు, జబ్బుపడినవాళ్లు, గర్భిణులు ఆయన ముద్ర చూపించి ఉచితంగా దాటేవారు.

కులాన్ని బట్టి ఇచ్చిన మినహాయింపును ఈ కాలం ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కానీ గర్భిణికీ రోగికీ ఇచ్చిన మినహాయింపులో గట్టి ఆలోచన ఉంది. అర్థశాస్త్రంలో రేవు రాజ్యానిది, ఆ ముద్రా రాజ్యానిదే. వదులుకున్న సొమ్ము బొక్కసానిదే తప్ప తెడ్డు వేసేవాడి కూలి కాదు. దానం చేసేవాడు తన సొత్తులోంచి చేయాలన్నది మనవాళ్లందరూ ఒప్పుకునే మాటే. అయినా బాడిగ విషయం వచ్చేసరికి ఆ మాట మరుగున పడుతుంది. “పేదోళ్లు ఎక్కేది, తక్కువే తీసుకోప్పా” అన్నప్పుడు అడిగేవాడు ఉదారంగా కనిపిస్తాడు, ఇచ్చుకునేది మాత్రం డ్రైవరు.

రాముణ్ణి గంగ దాటించిన పడవవాడి కథను కూడా ఇలాగే వాడుతుంటారు. మన మొల్ల రామాయణంలో రాముడి పాదధూళికి గుహుడు భయపడి కాళ్లు కడిగే ఘట్టం ఉంది. తులసీదాసు చెప్పిన కథలో కేవటుడు బాడిగగా ఇవ్వబోయిన సీత ఉంగరాన్ని వద్దంటాడు. సేవ అంటే ఇదీ అని ఉపన్యాసాల్లో వింటుంటాం. ఆ కథలో బాడిగ కోసం సీతమ్మ తన ఉంగరం తీసిందన్న సంగతి మాత్రం అంతగా వినబడదు. బాడిగ ఇవ్వడం ఎక్కినవాళ్ల ధర్మం, వద్దనడం పడవవాడి ఇష్టం. ఎక్కినవాళ్లే వద్దనిపిస్తే అది త్యాగం కాదు, బలవంతం. మంత్రాలయం రోడ్డు స్టేషన్లో దిగి మఠానికి పోయే భక్తులు హుండీలో వేసేటప్పుడు లెక్క చూసుకోరు. ఆటో దగ్గర మాత్రం ఇరవై రూపాయలకు బేరమాడతారు. రాఘవేంద్రస్వామి దగ్గరికి చేర్చే చేతికి కూడా ఆ దారిలో వాటా ఉంది కదా.

2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కూలి డబ్బులో కొంత ఇంటికి మిగలడం పెద్ద మేలు, దాన్ని తప్పుపట్టడం అన్యాయం. కానీ షేర్ ఆటోలకు గిరాకీ తగ్గింది. అక్టోబర్ 4న ప్రభుత్వం ‘ఆటో డ్రైవర్ల సేవలో’ పేరుతో ఏడాదికి 15,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. రోజుకు లెక్కేస్తే 41 రూపాయలు. మొత్తం చిన్నదే అయినా సూత్రం సరైనది. ఉచితం ఎవరు ప్రకటిస్తే దాని బరువు వాళ్లే మోయాలి.

ఇక మీటరు సంగతి. హైదరాబాదు ఆటోలకు 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 అని నిర్ణయించారు. పదేళ్లు గడిచినా ఆ రేటు కదల్లేదు. బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి మొదటి 2 కిలోమీటర్లకు 36, ఆపైన కిలోమీటరుకు 18. పది కిలోమీటర్లకు అక్కడ 180 రూపాయలు, హైదరాబాదులో 112. ఇలా బిగబట్టిన రేటు పేదవాణ్ణి కాపాడిందా? మీటరు మూలపడింది, బేరం పెరిగింది. పల్లెల్లోనైతే ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పదిమందిని కుక్కుతున్నారు. సుగ్గికి, అంటే కోత పనులకు, గుంటూరు మిరప చేలకు తరలిపోయే కుటుంబాలు పిల్లాజెల్లలతో ఎలాంటి బండ్లలో ఎక్కుతున్నాయో పశ్చిమ కర్నూలులో అందరికీ తెలుసు. చవక బాడిగలో మిగిలే డబ్బు కోసం ప్రాణాన్ని తాకట్టు పెట్టినట్టే అది.

పెంచడానికీ ఒక హద్దుంది. ఆదోనికి పొరుగునే ఉన్న రాయచూరు సీమ ఆ హద్దును పన్నెండో శతాబ్దంలోనే చెప్పింది. కల్యాణ పట్టణంలో రాలిన బియ్యం ఏరుకుని బతికిన శివశరణ దంపతులు ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ ఆ సీమవాళ్లే. ఒకరోజు భర్త అలవాటుకు మించి తెస్తే లక్కమ్మ మిగిలింది వెనక్కి ఇచ్చి రమ్మంది. కాయకానికి, అంటే చేసిన పనికి, తగినంత తీసుకోవడం ధర్మం, అంతకు మించి ఆశించడం ధర్మం కాదు. ఈ కొలత డ్రైవరుకు ఎంతో కంపెనీకీ అంతే. 2025 జులైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు రద్దీ వేళ క్యాబ్ కంపెనీలు మూల ధరకు రెట్టింపు దాకా వసూలు చేసుకోవచ్చన్నాయి. అర్ధరాత్రి నొప్పులతో బయల్దేరిన మనిషికి రెట్టింపు బాడిగ ఏ శాస్త్రం ప్రకారమూ న్యాయం కాదు. మనుస్మృతి కాలాన్ని బట్టి అన్నది దూర ప్రయాణం గురించి. గర్భిణి దగ్గర అది అసలు బాడిగే తీసుకోనివ్వలేదు.

కాబట్టి బాడిగలు పెంచాలి. ఇంధనం, మరమ్మతు, బండి కిస్తీ పోను డ్రైవరు కుటుంబం బతికే మేరకు పెంచాలి. కట్టలేనివాళ్ల భారాన్ని ఖజానా మోయాలి. రేట్లు నిర్ణయించే అధికారం 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంది. దాన్ని పదేళ్లకోసారి కాకుండా ఏటా వాడాలి. అలా నిర్ణయించిన రేట్ల పట్టికను, ఎంతమందిని ఎక్కించుకోవాలన్న లెక్కతో సహా, సి.బెళగల్, ఎమ్మిగనూరు, ఆదోని ఆటో స్టాండ్లలో తెలుగులోనూ కన్నడలోనూ రాయించి పెట్టాలి.